మూడో యంత్రం మీద పచ్చ పొట్లం

"సంచీ అక్కడ పెట్టు, యాతింగ్. ముందు అన్నం తిను."

"ఆకలిగా లేదక్కా."

"ఆకలి గురించి నిన్నెవరడిగారు? కూర్చో."

పీయున్ తమ్ముడి భుజాన ఉన్న సంచీని లాగి కుర్చీ కిందికి తోసింది. యాతింగ్ నిలబడే ఉన్నాడు. బల్ల మీద చిలగడదుంప ఆకుల వేపుడు, చేప ఉండల పులుసు. ఒక్కరు తప్ప ఎవరూ ముట్టుకోలేదు.

లై వారి ఇంట్లో కింద కార్ఖానా, పైన వంటిల్లు. మామూలు రోజుల్లో ప్లాస్టిక్ అచ్చుపోసే యంత్రాలు దబదబమంటుంటే గిన్నెలో పులుసు వణుకుతుంది. ఈవేళ పొద్దుటి నుంచీ యంత్రాలు ఆగిపోయాయి. పులుసు కదలకుండా ఉంది.

"తిననీ వదినా," అంది ఆడపడుచు యుయే, గిన్నెలోంచి తలెత్తకుండా. "మూడింటికి ఒసాకా నుంచి మన సరుకు కొనే హిరానుమా గారు వస్తారు. ఆయన గుమ్మం ఎక్కేసరికి తప్పు చేసినవాడు గుమ్మం దిగిపోవాలని అన్నయ్య అన్నాడు. కడుపు నింపి పంపిస్తే మనకే పుణ్యం."

"తప్పు చేసింది వీడేనని ఎవరు తేల్చారు?"

"సాకెట్ పెట్టెలే తేల్చాయి." యుయే ఇప్పుడు తలెత్తింది. "మీటింగ్ బల్లల్లో బిగించే పెట్టెలు పాత కంప్యూటర్ల తొడుగులు కరిగించి తీసిన ప్లాస్టిక్ గింజలతో చేస్తామని ఒసాకా వాళ్లకి మాటిచ్చింది నువ్వు. పాత ప్లాస్టిక్కేనని పెట్టె అడుగున ఆకు గుర్తు వేసిందీ నువ్వే. రెండో విడత అందాక వాళ్లు ముక్క కోసి చూస్తే అంతా కొత్త ప్లాస్టిక్. పాత గింజల సంచులేమో మన గదిలోనే మూతి విప్పకుండా కూర్చున్నాయి. ఆ గది తాళంచెవి ఎవరి నడుముకి ఉంది?"

యాతింగ్ చెయ్యి తెలియకుండానే నడుము మీదికి వెళ్లింది.

"సంచులెందుకు మిగిలాయో నాకు తెలీదు," అన్నాడు మెల్లగా.

"నాకు తెలుసు. పాత గింజల్ని యంత్రంలో పొయ్యాలంటే ముందు గంటల తరబడి ఆరబెట్టాలి. కొత్తవైతే అంత చాకిరీ లేదు. బద్ధకం, బాబూ, బద్ధకం. మీ యున్‌లిన్‌లో వేరుశెనగలు ఎండబెట్టడం నేర్పుతారు గానీ గింజలు ఆరబెట్టడం నేర్పరా?"

"మా ఊరి వేరుశెనగలు తినేటప్పుడు మాత్రం రెండు చేతులూ వాడతావుగా యుయే అక్కా."

యుయేకి నవ్వొచ్చింది. నవ్వకూడదని గుర్తొచ్చి పులుసు తాగింది.

"చాలు," అన్నాడు బోషున్.

పీయున్ భర్త అంతవరకూ మాట్లాడలేదు. తండ్రి పోయాక కార్ఖానా అతనిదే. మితభాషి. మనుషులకన్నా యంత్రాలతోనే తనకి తేలికని తనే చెప్పుకుంటాడు.

"హిరానుమా గారికి ఒక పేరు కావాలి," అన్నాడు. "పనివాడి పొరపాటైతే కొత్తవి చేసి పంపమంటారు, అంతే. యజమానులే చేయించారని తేలితే ఆకు గుర్తు తీసేస్తారు. ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే కింద కునుకు తీస్తున్న పనివాళ్లందరినీ లేపి ఇళ్లకి పంపాలి."

"అయితే?"

"యాతింగ్ కొన్నాళ్లు ఊళ్లో ఉంటే మంచిది. నేను మళ్లీ పిలిపిస్తాను."

ఆ మాట అంటూ అతను చేప ఉండ ఒకటి తీసి యాతింగ్ ఖాళీ గిన్నెలో వేశాడు. భార్య వైపు చూడలేదు.

యాతింగ్ ఆ ఉండ వైపు చూశాడు. తర్వాత బావ వైపు చూశాడు.

"సరే బావా," అన్నాడు.

పీయున్ లేచింది. "నువ్వు కదలకు," అని తమ్ముడితో అంది. "నేను మళ్లీ పైకి వచ్చేదాకా ఆ గిన్నె ముందే ఉండు."

కానీ అతను మెట్ల దగ్గరికి వెంటే వచ్చాడు.

"అక్కా, నా పేరే చెప్పెయ్. నాకు పోయేదేముంది? పెళ్లామా, పిల్లలా? నీకైతే ఇల్లుంది."

"చేశావా?"

"లేదు."

"అయితే నోరు మూసుకో."

*

కింద దీపాలన్నీ ఆర్పేసి ఉన్నాయి. భోజనాల తర్వాత కునుకు తీసే వేళ. పనివాళ్లు బల్లల మీద చేతులు మడిచి, చేతుల మీద తలలు ఆనించి పడుకున్నారు. పీయున్ చెప్పులు విడిచి వాళ్ల మధ్య నుంచి నడిచింది.

ఒసాకా పెట్టెలు పోసేది మూడో యంత్రంలో. ఆమె దాని ముందు నిలబడింది. ఏం వెతకాలో ఆమెకే తెలియదు. మూడేళ్లు ఆ పెట్టె నమూనా చంకన పెట్టుకుని ఆఫీసు ఆఫీసుకీ తిరిగింది. మూత ఎత్తితే కరెంటు, ఫోను ఛార్జింగు, నెట్ కేబులు, అన్నీ బల్ల మధ్యలోనే. ఒక్క కొత్త ప్లాస్టిక్ గింజ లేకుండా. 'చెత్తతో చేసిన ప్లగ్గులమ్మాయి' అని నవ్వినవాళ్లే చివరికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు.

కళ్లు చీకటికి అలవాటు పడ్డాక యంత్రం తల మీద పచ్చ పొట్లం కనిపించింది.

ప్రతి యంత్రం మీదా ఒకటుంటుంది. మొక్కజొన్న చిరుతిండి పొట్లం. పచ్చదే అయి ఉండాలి, గడువు తీరకుండా ఉండాలి. అప్పుడే యంత్రం బుద్ధిగా పనిచేస్తుంది. పసుపుదో ఎర్రదో పెట్టారంటే మొండికేస్తుంది. ఈ కార్ఖానాలో మామగారు ఇంకో నియమం కూడా కలిపారు. యంత్రంలో గింజల రకం మారితే పొట్లం కూడా మారాలి. కొత్త గింజలకి కొత్త మాట చెప్పాలి అనేవారాయన. నవ్వేవాళ్లు నవ్వినా, పొట్లం మార్చకుండా గింజలు మార్చిన మనిషి మాత్రం ఇక్కడ లేడు.

సమాధుల పండగ సెలవలకి ముందు యంత్రాలన్నీ తుడిచి పొట్లాలు మార్చింది పీయునే. ఆఫీసు గదిలోని అట్టపెట్టెలోంచి తీసి, కింద పడకుండా ఒక్కో పొట్లానికీ టేపు అంటించింది.

మొదటి యంత్రం మీద టేపు ఉంది. రెండో దాని మీదా ఉంది.

మూడో దాని మీద లేదు.

పీయున్ పొట్లం చేతిలోకి తీసుకుంది. మడతలో బూడిద గీత. ఒక మూల సన్నటి కన్నం, అంచులు నల్లగా కాలి ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది.

చందనం వాసన.

"ఏంటి వదినా, యంత్రం తిండి దొంగతనం చేస్తున్నావా?"

వెనక యుయే. నిద్రకి వచ్చిందో, కనిపెట్టడానికి వచ్చిందో.

"ఈ పొట్లం నువ్వు మార్చావా?"

"నేనెందుకు మారుస్తాను? గింజలు మార్చినవాళ్లు మార్చుకోవాలి." యుయే ఆవులించింది. "అది కూడా మర్చిపోయావా? ఈ ఇంటి కోడలివేనా?"

ఆమె వెళ్లి బల్ల మీద తల వాల్చింది.

పీయున్ అక్కడే ఉండిపోయింది. తను టేపు అంటించాక సెలవలు వచ్చాయి. సెలవల తర్వాత యంత్రం మీద పొట్లం వేరు. అంటే మధ్యలో గింజలు మారాయి. ఆ సెలవలన్నీ యాతింగ్ యున్‌లిన్‌లో తన పక్కనే ఉన్నాడు. నాన్న సమాధి మీద గడ్డి కోస్తూ వేలు కోసుకుంటే కట్టు కట్టింది తనే.

తమ్ముడు కాదు. ఊపిరి తేలికవ్వాలి. అవలేదు.

ఆఫీసు గదిలోని అట్టపెట్టె దగ్గర ఎవరూ ధూపం వెలిగించరు. ఈ ఇంట్లో చందనం ధూపం వెలిగేది ఒక్కచోటే.

*

దేవుడి గది అన్నిటికన్నా పై అంతస్తులో ఉంది. పీయున్ మెట్లెక్కుతుంటే కింద వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. యాతింగ్ కడుగుతున్నాడు. ఊరికే కూర్చోలేడు వాడు.

ఎర్ర దీపాలు వెలుగుతున్నాయి. మధ్యలో భూమి దేవుడు, పక్కన పూర్వీకుల పలక, గోడకి మామగారి ఫోటో. దేవుడి ముందు పళ్లెంలో పచ్చ పొట్లాలు. వాటి మీద సన్నగా బూడిద. వరసలో ఒకటి తగ్గింది.

చాలా ఏళ్లు ఈ ధూపం పెట్టింది అత్తగారు. చలికాలంలో మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఆమె ఈ మెట్లు ఎక్కలేకపోతోంది. అప్పటినుంచి పొద్దున్నే ఇక్కడికి వచ్చేది ఒక్కరే.

పీయున్ ఆ ఒక్కరి గురించి ఆలోచించకుండా పళ్లెం సర్దింది. మామగారి ఫోటో కొంచెం వంకరగా ఉంటే సర్దబోయింది. ఫోటో వెనక గట్టు మీద ఏదో తగిలింది.

ఎర్రగుడ్డ మూట. విప్పింది.

సాకెట్ పెట్టె. అడుగున ఆకు గుర్తు. తొడిమ ఎడమవైపుకి వాలి ఉంది. అది తను గీసిన మొదటి బొమ్మ, తర్వాత మార్చేసింది. అంటే ఇది మొదటి విడతలోది. పాత గింజలతో నిజాయితీగా చేసిన విడత. తను గర్వంగా ఓడ ఎక్కించిన విడత.

తిప్పి చూసింది. ఫోను ఛార్జింగు పెట్టే రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ కొవ్వొత్తి మైనంలా లోపలికి కుంగిపోయింది. అంచున గోధుమరంగు మాడు.

దాన్ని మళ్లీ ఎర్రగుడ్డలో చుట్టి మెట్లు దిగింది.

*

"దొరికిందా?"

కింది అంతస్తులో తలుపు తెరిచే ఉంది. అత్తగారు గ్వేజూ కాలు పీట మీద చాపుకుని వేరుశెనగలు ఒలుస్తోంది. యాతింగ్ ఊరినుంచి తెచ్చినవే.

పీయున్ ఎర్రగుడ్డ మూట ఆమె ఒడి పక్కన పెట్టింది. గ్వేజూ విప్పలేదు.

"మీకు తెలుసా అమ్మా?"

"నాకు కాళ్లు లేవు గానీ చెవులున్నాయి. పండగ సెలవల్లో గేటు దించేసి ఉంది. యంత్రం మాత్రం నా మంచం కింద కొట్టుకుంటూనే ఉంది."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు వచ్చీ రాగానే ఒసాకా రెండో విడత ఓడ ఎక్కిందని నవ్వుతూ నా కాళ్లు పట్టావు. అప్పుడు చెప్పనా?"

పప్పు ఒకటి జారి నేల మీద పడింది. పీయున్ వంగి తీసి పళ్లెంలో వేసింది.

"వాడు నిన్ను మోసం చెయ్యాలనుకోలేదు," అంది గ్వేజూ. "కింద పరీక్ష పెట్టినప్పుడు ఆ పెట్టె కుంగిందని నాతో అన్నాడు. మూడేళ్లు నువ్వు దాన్ని బిడ్డలా మోశావు. నీ మొహం మీద చెప్పలేక తండ్రి మొహం ముందు పెట్టుకున్నాడు. ధూపం పెట్టడానికి వెళ్లి ఎంతకీ దిగేవాడు కాదు."

"చెప్పకుండా కొత్త గింజలు పోశాడు."

"గట్టిగా ఉంటాయని పోశాడు. మెల్లగా సరిచేసుకుందామనుకున్నాడు."

"నా తమ్ముణ్ణి పంపేస్తున్నాడు అమ్మా. గిన్నెలో చేప ఉండ వేసి మరీ."

గ్వేజూ చేతులు ఆగాయి. ఆ సంగతి ఆమెకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదని మొహం చూస్తే తెలుస్తోంది.

ఇద్దరూ ఆ పేరు ఎత్తలేదు. ఎత్తితే ఒకరికి కొడుకు, ఒకరికి భర్త.

"ఆ అబ్బాయి పేరు చెబితే ఆర్డరు మిగులుతుంది కదూ?" అంది గ్వేజూ చివరికి, నెమ్మదిగా. అడగటానికి సిగ్గుపడుతూనే అడిగింది.

"మిగులుతుంది. పనివాడి బద్ధకమే కదా అని హిరానుమా గారు మళ్లీ పాత గింజలతోనే చెయ్యమంటారు." పీయున్ మూట మీద చెయ్యి వేసింది. "ఇలాంటివి ఒసాకాలో ఇప్పటికే బల్లల్లో బిగించి ఉన్నాయి. వాటి చుట్టూ మనుషులు కూర్చుంటున్నారు. ఫోన్లు గుచ్చుతున్నారు."

"మంట లేస్తుందా?"

"తెలీదు."

గ్వేజూ మూట వైపు చూసింది. చూసి, దాన్ని తన చేత్తోనే కోడలి వైపు జరిపింది.

"ఆ అబ్బాయిని నాతో చెప్పకుండా వెళ్లొద్దను," అంది. మళ్లీ వేరుశెనగలు ఒలవడం మొదలుపెట్టింది.

*

బోషున్ అద్దం ముందు చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. పీయున్ వెనక నుంచి వచ్చి కాలరు సర్దింది.

"పైకి వెళ్లొచ్చాను," అంది.

అతని వేళ్లు బొత్తాం మీదే ఆగాయి.

"ధూపం ఆరిపోయిందా?"

"లేదు. నువ్వు బాగానే పెట్టావు."

అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి. ముందు తిప్పుకుంది అతనే.

"హిరానుమా గారితో నువ్వు మాట్లాడు పీయున్. నువ్వంటే ఆయనకి నమ్మకం."

"అందుకే నువ్వు మాట్లాడాలి."

అతను నోరు తెరిచాడు. ఆమె ఎదురుచూసింది. పెళ్లయిన కొత్తలో కూడా ఇలాగే ఎదురుచూసేది, అతను ఒక వాక్యం పూర్తి చేస్తాడని. అప్పట్లో అది ముద్దుగా ఉండేది.

కింద గేటు గంట మోగింది.

"వచ్చేశారు," అని అతను కోటు అందుకున్నాడు.

*

హిరానుమా గారు తైచుంగ్‌లో చాలాకాలం ఉన్న మనిషి. ఇక్కడి భాష నిదానంగా, తడుముకోకుండా మాట్లాడతారు. మీటింగ్ గదిలో కూర్చుంటూనే బల్ల మధ్యలోని పెట్టె మూత ఎత్తి తన కంప్యూటర్ తీగ గుచ్చారు. ఆ పెట్టె ఇక్కడిదే. మొదటి విడతదే.

"కింద యంత్రాల మీద పచ్చ పొట్లాలు చూశాను," అన్నారు నవ్వుతూ. "మీరు చెప్పారని మా సర్వర్ల మీద కూడా పెట్టించాను, పీయున్ గారూ. అవి బుద్ధిగా ఉన్నాయో లేదో గానీ, మా వాళ్లు నెలకోసారి ఆకలేసి తినేస్తున్నారు."

ఎవరూ నవ్వలేదు. యుయే టీ పోసింది. యాతింగ్ గోడవారన నిలబడ్డాడు, సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని.

హిరానుమా గారు నవ్వు ఆపేశారు.

"నాకు కోపం లేదు. మా వాళ్లకి మాత్రం జవాబు చెప్పాలి. ఎవరు చేశారు, ఎందుకు చేశారు. ఈ రెండూ చెప్పండి. అబద్ధం చెబితే మాత్రం మళ్లీ కలవం."

బోషున్ గొంతు సవరించుకున్నాడు.

"గింజల గది చూసుకునే... మా దగ్గర ఒక..." ఆగాడు. టీ కప్పు అటు జరిపాడు, ఇటు జరిపాడు. "పాత గింజల్ని ఆరబెట్టడం కష్టమైన పని. పనివాళ్లు ఒక్కోసారి..."

యాతింగ్ ఒక అడుగు ముందుకి వేసి నడుము వంచాడు.

"తప్పు నాదే సార్. నేను..."

"నువ్వు కూర్చో," అంది పీయున్.

గొంతు పెంచలేదు. కానీ యాతింగ్ కూర్చున్నాడు. యుయే చేతిలో టీ పాత్ర గాలిలోనే ఉండిపోయింది.

పీయున్ ఎర్రగుడ్డ మూట బల్ల మీద పెట్టి విప్పింది. కుంగిన వైపు హిరానుమా గారికి కనపడేలా తిప్పింది.

"ముందు ఒక పని చెయ్యండి. ఒసాకాకి ఫోన్ చేసి మొదటి విడత పెట్టెలన్నిటికీ కరెంటు తీయించండి. అవి మాట ప్రకారం పాత గింజలతో చేసినవే. పరీక్షలో ఇలా అయింది. ఇది నాకు ఈ మధ్యాహ్నమే తెలిసింది. పేరు తర్వాత చెప్తాను."

హిరానుమా గారు వంగి చూశారు. మాడిన అంచు మీద వేలు పెట్టారు. తర్వాత బల్ల మధ్యలో, తన కంప్యూటర్ తీగ గుచ్చి ఉన్న పెట్టె వైపు చూశారు.

చెయ్యి చాచి తీగ పీకేశారు.

ఫోన్‌లో ఆయన తన భాషలో క్లుప్తంగా మాట్లాడారు. యుయే ఆ పెట్టెనీ, దాని కింద చందనం వాసన వేస్తున్న ఎర్రగుడ్డనీ చూసింది. గుడ్డ ఎక్కడిదో గుర్తుపట్టినట్టుంది. మెల్లగా అన్న వైపు తిరిగింది.

హిరానుమా గారు ఫోన్ పెట్టేశారు.

"అయితే కొత్త గింజలు పోసింది బద్ధకంతో కాదు."

"కాదు. భయంతో."

"భయపడ్డవాడు నాకు చెప్పి ఉండాలి. మీకైనా చెప్పి ఉండాలి."

"అవును."

"ఎవరు?"

పీయున్ భర్త వైపు తిరిగింది. అతను మొహం ఎత్తాడు. పెదవులు కదిలాయి. ఆమె ఆగింది. ఒక మనిషి తన పేరు తను చెప్పుకోవడానికి సరిపోయేంతసేపు ఆగింది. కింద కునుకు ముగిసినట్టుంది, దీపాలు వేస్తున్న చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు, కుర్చీలు జరిపిన చప్పుడు. వాళ్లంతా యంత్రాలు ఎప్పుడు మొదలవుతాయా అని చూస్తూ ఉంటారు.

బోషున్ పెదవులు మళ్లీ మూసుకున్నాయి.

పీయున్ హిరానుమా గారి వైపు తిరిగింది.

"లై బోషున్," అంది. "ఈ కార్ఖానా యజమాని. నా భర్త."